కుడకలో మూడు వెంట్రుకలు

అనగనగా ఒక ఏరు. ఆ ఏటికి ఒక కాలువ. ఆ కాలువకు మూడు ఊళ్ళు. ఆ మూడు ఊళ్ళకూ కలిపి ఒకే ఒక్క రాగి కుడక.

ఏరంటే ఏడాది పొడుగునా పారే ఏరు కాదు, పిల్లలూ. వానాకాలంలో నాలుగు రోజులు ఎర్రగా పొంగి, ఆ తరువాత ఇసుక కప్పుకొని పడుకునే ఏరు. నీళ్ళన్నీ ఇసుక కిందే ఉండేవి. వెనకటివాళ్ళు ఆ ఇసుకలో బారెడు లోతున కాలువ తవ్వారు. చెమ్మ చుక్క చుక్కగా ఊరి, ఆ కాలువలోకి దిగి, సన్నగా పారేది. ఏరు ఎంత ఊరితే అంత. అంతకు మించి ఎవరు అడిగినా ఇచ్చేది కాదు.

ఆ కాలువ ఒకచోట మూడు పాయలుగా చీలేది. దగ్గరి పాయ తలపల్లెకు. కాస్త దూరం పోయే పాయ నడిమిపల్లెకు. పూట నడక దూరం పోయే పాయ తోకపల్లెకు. రోజుకు అరవై గడియలు కదా, ఊరికి ఇరవై గడియల నీళ్ళు. పొద్దు పొడవగానే తలపల్లె వంతు మొదలు. దాని తరువాత నడిమిపల్లె. అన్నిటికన్నా చివర తోకపల్లె. ఒక ఊరి వంతులో ఆ ఊరి పాయకే నీళ్ళు వదిలి, మిగతా పాయల మడవలు, అంటే నీటి దారులు, మూసి ఉంచేవారు. మళ్ళీ పొద్దు పొడిచిందంటే తోకపల్లె మడవ మూసి, తలపల్లె మడవ తెరవాల్సిందే.

గడియ అయిందని తెలిసేది ఎలా? అందుకే ఆ కుడక. అరచేతిలో పట్టేంత రాగి గిన్నె. దాని అడుగున సూదిమొన అంత చిల్లు. నీళ్ళు నింపిన కుండలో దాన్ని తేలేస్తే, చిల్లులోంచి నీరు మెల్లగా ఎక్కి, సరిగ్గా గడియకు బుడుంగుమని మునిగేది. మునిగినప్పుడల్లా ఒక గులకరాయి పక్కన పెట్టాలి. ఇరవై రాళ్ళయితే మడవ మార్చాలి.

పాయలు చీలే చోట ఒక చావడి కట్టి, అందులో కుడకను ఉంచారు. దాన్ని కాచేది సుంకమ్మ. వాళ్ళ అత్త కాచింది, అత్తకు ముందు ఆమె అత్త. నిద్రపోతున్నా సరే, బుడుంగుమన్న చప్పుడుకు సుంకమ్మ కళ్ళు వాటంతట అవే తెరుచుకునేవి.

ఆ మూడు ఊళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. కుడక కాచే ఇంటి ఆడబిడ్డను తోకపల్లెకే ఇవ్వాలి. చావడి ఉన్నది తలపల్లె పక్కన. అక్కడ కూర్చున్న మనిషికి తలపల్లె పొలాలే కనబడతాయి, తలపల్లె వాళ్ళ మాటలే వినబడతాయి. అందుకని ఆమె ప్రాణంలో సగమైనా వరస చివర ఉండాలని పెద్దలు ఆ ఏర్పాటు చేశారు.

సుంకమ్మ కూడా తన ఒక్కగానొక్క కూతురు ఎర్రక్కను తోకపల్లెకే ఇచ్చింది. ఎర్రక్కకు ఒక పాప, పేరు చిట్టి. కుడకను వదిలి కదలడానికి లేదు గనక, మనవరాలు పుట్టి నాలుగేళ్ళయినా సుంకమ్మ ఆ ఊరు చూడలేదు. ఎర్రక్క కాన్పుకు పుట్టినింటికి వచ్చినప్పుడు చూడటమే, మళ్ళీ చూడలేదు.

అయితే ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. శుక్రవారం శుక్రవారం మోదుగాకులతో దొన్నె కుట్టి, అందులో రెండు బెల్లం ఉండలు పెట్టి, పైన ఒక బంతిపువ్వు ఉంచి, తోకపల్లె వంతు మొదలవగానే ఆ పాయలో వదిలేది. తెల్లారేసరికి అది ఊగుతూ ఊగుతూ ఎర్రక్క ఇంటి ముందు రేవు చేరేది. చిట్టి నీళ్ళలోకి దిగి పట్టుకునేది. చిట్టికి అమ్మమ్మ అంటే దొన్నె, దొన్నె అంటే అమ్మమ్మ.

చావడి పక్కన ఇసుకలో ఒక ముసలి ఎండ్రకాయ బొరియ చేసుకొని ఉండేది. దానికి నోరు ఎక్కువ.

ఒక ఏడు వానలు సగమే పడ్డాయి. చైత్రమాసంలో తలపల్లె రైతు నరసప్ప చావడికి వచ్చి, కండువాతో మొహం తుడుచుకొని గడప మీద కూర్చున్నాడు.

"నా నారు పసుపు తిరిగింది సుంకమ్మక్కా. నాలుగు రోజులు కాస్త నీళ్ళు ఎక్కువ దొరికితే నిలబడుతుంది. లేకపోతే ఈ ఏడు మా ఇంట్లో పొయ్యి వెలగదు."

"ఇరవై గడియలు ఇరవై గడియలే నరసప్పా. నీకు ఎక్కువ ఇస్తే నడిమిపల్లె వాళ్ళు ఊరుకుంటారా?"

"నాకొక్కడికే ఎవరు ఇమ్మన్నారు? అందరికీ ఇవ్వు. నీ తల వెంట్రుక ఒకటి ఆ చిల్లులో పెట్టు. కుడక కాస్త నిదానంగా మునుగుతుంది. అందరి గడియా ఒకేలాగ పెరుగుతుంది. అందరికీ పెరిగినప్పుడు అన్యాయం ఎవరికి?"

సుంకమ్మ ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఎక్కడా తప్పు కనబడలేదు. చీమను తొక్కితే వారం రోజులు బాధపడే మనిషి ఆమె. నరసప్ప పిల్లల మొహాలు ఆమెకు తెలుసు. తెల్లవార్లూ ఆలోచించి, పొద్దు పొడవగానే ఒక తెల్ల వెంట్రుక పీకి, చిల్లులో దూర్చింది.

మర్నాడు పొద్దు పొడిచేసరికి తోకపల్లె రాళ్ళు అయిదు మిగిలిపోయాయి.

సుంకమ్మ ఆ అయిదు రాళ్ళనూ ఒళ్ళో వేసుకొని చాలాసేపు చూసింది. "ఎండాకాలం కదా, పొద్దు ముందే పొడిచింది," అనుకుంది.

అది చూసి ఎండ్రకాయ బొరియలోంచి తల బయటపెట్టింది. "పెద్దమ్మా, పొద్దుకు కూడా వెంట్రుక కట్టావా? నీ గడియ పొడుగైంది గానీ, రోజు పొడుగవలేదు. మిగిలిన రాళ్ళు ఎవరివో చూసుకో."

"నాలుగు రోజులే. తరువాత తీసేస్తాను."

"మంచిది. నేను మాత్రం నిరుడు జానెడు తవ్వితే తడి తగిలేది. ఇప్పుడు మూరెడు తవ్వుతున్నాను," అని ఎండ్రకాయ లోపలికి పోయింది.

నాలుగు రోజులయ్యాక సుంకమ్మ వెంట్రుక తీయబోయింది. ఆ సరికే నరసప్ప ఇంకో రెండు మళ్ళు నాటేశాడు. "ఇప్పుడు తీశావంటే పైరు నిలువునా ఎండుతుంది. ఆ పాపం మరి నీదే," అన్నాడు. పాపమన్న మాట వింటే సుంకమ్మకు చేతులాడవు. వెంట్రుక ఉండిపోయింది.

నెల తరువాత ఉప్పు హనుమక్క వచ్చింది. గాడిద మీద ఉప్పు వేసుకొని మూడు ఊళ్ళూ తిరిగే మనిషి. తోకపల్లె కబురు సుంకమ్మకు చేరేది ఆమె నోటనే.

"నీ దొన్నె ఇంటి ముందుకు రావడం లేదంట. ఊరి బయటే మడుగులో ఆగిపోతోంది. మీ చిట్టి పొద్దున్నే అక్కడిదాకా పరుగెత్తి తెచ్చుకుంటోంది."

సుంకమ్మ నవ్వింది. "పరుగెత్తనీ, కాళ్ళు గట్టిపడతాయి."

మరుసటి ఏడు వానలు ఇంకా తగ్గాయి. నడిమిపల్లె నుంచి తమలపాకుల వర్తకుడు గురవయ్య వచ్చాడు. వస్తూనే కుండలోకి వంగి చూశాడు.

"ఏమమ్మా సుంకమ్మా, కుడక తలకు నూనె రాయలేదా? వెంట్రుక ఎండిపోయినట్టుందే."

సుంకమ్మ మొహం తెల్లబోయింది.

"భయపడకు. నేనెవరికీ చెప్పే రకం కాదు. నా తోట కూడా ఈ వెంట్రుక చలవతోనే బతికింది. కాకపోతే ఈ ఏడు ఇంకో రెండెకరాలు తీగ పెట్టాను. ఒకటి పెట్టినదానివి, రెండోది బరువా?"

"తోకపల్లె వాళ్ళు..."

"వాళ్ళెవరైనా వచ్చి నిన్ను అడిగారా?"

"లేదు."

"అడగలేదంటే సరిపోతున్నట్టే. నీ కూతురే ఉంది కదా అక్కడ, కష్టమైతే కన్నతల్లికి చెప్పదా?"

సుంకమ్మకు, అతను బయట చెప్తాడేమోనన్న భయం ఒక పక్క, చెప్పకుండా ఉన్నాడన్న మొహమాటం ఇంకో పక్క. రెండో వెంట్రుక పీకింది. మర్నాడు పొద్దున పది రాళ్ళు మిగిలాయి.

ఎండ్రకాయ ఈసారి చాలాసేపటికి పైకి వచ్చింది. దాని గోళ్ళు అరిగిపోయాయి. "రెండు మూరలు తవ్వాను పెద్దమ్మా. అందరూ ఉన్నదానికంటే ఎక్కువ మళ్ళు పెడుతున్నారు. ఏరు మాత్రం ఎప్పుడూ ఊరినట్టే ఊరుతోంది. అంతకన్నా తక్కువే." సుంకమ్మ దాని వైపు చూడకుండా కుడక ఎత్తి మళ్ళీ నీళ్ళ మీద పెట్టింది.

ఉప్పు హనుమక్క వచ్చింది. "ఈ నెలంతా దొన్నె ఒక్కటీ రాలేదంట. చిట్టి మడుగు దగ్గరే కూర్చుంటోంది. అమ్మకు ఒంట్లో బాగుందో లేదో చూసి రా అని ఎర్రక్క మరీ మరీ చెప్పింది."

"నీళ్ళ సంగతి ఏమైనా చెప్పిందా?"

"లేదక్కా. నీ సంగతే అడిగింది."

సుంకమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. "బాగానే ఉన్నానని చెప్పు. దొన్నె తప్పకుండా వదులుతున్నాననీ చెప్పు."

అది నిజమే. ఒక్క శుక్రవారం కూడా ఆమె దొన్నె మానలేదు.

మూడో ఏడు వానలే లేవు. అప్పుడు ఆ దేశపు రాజే పల్లకీలో చావడికి వచ్చాడు. తలపల్లెకు ఎగువన ఆయన కొత్తగా కొలను కట్టించాడు. పాలరాతి మెట్లున్నాయి, హంస బొమ్మలున్నాయి. నీళ్ళే లేవు.

రాజు చెడ్డవాడేం కాదు. కుడకను చేతిలోకి తీసుకొని చిన్నపిల్లవాడిలా తిప్పి చూశాడు.

"ఇంత చిన్నదా? మేము పెద్ద గంగాళం అనుకున్నాం. ఇదిగో అమ్మా, తలపల్లె పాయలోంచే మా కొలనుకు నీళ్ళు ఎత్తి పోస్తారు. వాళ్ళకు లోటు రాకుండా గడియ కాస్త సాగాలి. కాలువ కూడా ఇంకో బారెడు లోతుకు తవ్విస్తాం. లోతు పెరిగితే నీళ్ళూ పెరుగుతాయని మా మంత్రి అన్నాడు."

ఆ మంత్రి గొడుగు కింద నిలబడి తల ఊపాడు.

రాజు కుడకను కింద పెట్టబోయి, ఆగి, సుంకమ్మ మొహంలోకి చూశాడు. "నువ్వు ఇక్కడే కూర్చునే మనిషివి. నిజం చెప్పు. దీనివల్ల ఎవరికైనా లోటు వస్తోందా?"

ఆ పూట సుంకమ్మ ఒళ్ళో పది రాళ్ళున్నాయి. కొంగు కింద అవి ఆమె తొడకు గుచ్చుకుంటున్నాయి. ఆ రాళ్ళు తీసి రాజు చేతిలో పోస్తే చాలు. రాజు అడిగాడు కూడా. కానీ అప్పుడు మొదటి వెంట్రుక సంగతి చెప్పాలి, రెండోదాని సంగతి చెప్పాలి. రెండేళ్ళుగా పొద్దుటిపూట రాళ్ళను ఒళ్ళో దాచుకున్న సంగతి చెప్పాలి.

"ఎవరూ వచ్చి ఫిర్యాదు చెయ్యలేదు ప్రభూ," అంది సుంకమ్మ.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

"అయితే ఇంకేం," అని రాజు పల్లకీ ఎక్కాడు.

మూడో వెంట్రుక పడింది. కాలువ లోతైంది. రెండు నెలలు నీళ్ళు ఉరకలేస్తూ వచ్చాయి. కొలను నిండింది, నరసప్ప చెరకు వేశాడు, గురవయ్య ఇంకో తోట కొన్నాడు. తోకపల్లె రాళ్ళు రోజుకు పదహారు మిగిలేవి. ఆ నాలుగు గడియల నీళ్ళు సగం దారి దాటకముందే ఇసుక తాగేసేది.

మూడో నెలలో కాలువ సన్నబడింది. అయిదో నెలలో తడి మాత్రమే మిగిలింది. ఆ తరువాత తడి కూడా లేదు. ఏటి కింద తరతరాలుగా దాచుకున్నదంతా ఆ లోతు కాలువ రెండు నెలల్లో ఊడ్చేసింది.

ఎండ్రకాయ బొరియలోంచి వచ్చి ఇసుక మీద నిలబడింది. "మూడు మూరలు దిగాను పెద్దమ్మా. కింద రాయి తగిలింది. నేను పోతున్నాను."

"ఎక్కడికి?"

"నీళ్ళున్న చోటికి. ఎక్కడుందో తెలిస్తే నీకూ చెప్పేదాన్ని." అలా అని పక్కపక్కకు నడుచుకుంటూ ఎండలోకి పోయింది.

అదే వారం ఉప్పు హనుమక్క వచ్చింది. గాడిద మీద బస్తా కదలకుండా అలాగే ఉంది.

"తోకపల్లెలో ఉప్పు కొనేవాళ్ళు లేరక్కా. గడపల్లో కుండలు బోర్లించి ఉన్నాయి."

"ఎర్రక్క ఏం కబురు చెప్పింది?"

హనుమక్క గాడిద మెడ నిమురుతూ మొహం అటు తిప్పుకుంది.

కాలువలో నీళ్ళు లేవు గనక కుడకకు కావలి అక్కర్లేదు. ఆమె అత్తగానీ, అత్తగారి అత్తగానీ ఎన్నడూ వెళ్ళని దారిన సుంకమ్మ బయలుదేరింది. తోకపల్లె పాయలోనే, ఎండిన అడుగు మీదే నడిచింది.

ఊరికి ఇవతల మడుగు ఎండి బీటలు వారింది. ఆ బీటల్లో ఒక్క దొన్నె కూడా కనబడలేదు. అవి అంత దూరం రానేలేదు. తను నడిచి వచ్చిన దారిలోనే, ఒకటి తుమ్మ వేరుకు తట్టుకొని, ఒకటి ఇసుకలో సగం కూరుకొని, ఒకటి రాళ్ళ సందున ఇరుక్కొని, ఆమె కుట్టిన దొన్నెలే వరసగా పడి ఉన్నాయి. బెల్లం చీమలు తినేశాయి. బంతిపూలు నల్లబడ్డాయి. అన్నిటికన్నా కొత్త దొన్నె చావడికి బాగా దగ్గరగా ఆగింది. నడిచేకొద్దీ పాత దొన్నెలు. తను వేసిన ఒక్కొక్క వెంట్రుకా ఎంత దూరంలో నీళ్ళను ఆపిందో, ఆ దారే ఆమెకు చూపించింది.

తోకపల్లెలో ఒక్క మనిషే మిగిలాడు. చెన్నప్ప అనే ముసలాయన. నడవలేడు గనక ఉండిపోయాడు.

"ఎవరమ్మా?"

"ఎర్రక్క తల్లిని."

ముసలాయన అరుగు మీద కాస్త పక్కకు జరిగాడు. "కూర్చో. ఇంటికి వచ్చిన మనిషికి నీళ్ళివ్వాలి. నా దగ్గర లేవు."

సుంకమ్మ కూర్చోలేదు. "వాళ్ళేరీ?"

"ఊరంతా మాఘమాసంలోనే పోయింది. నిన్ను తిట్టుకుంటూ పోయారు, ఏమనుకోకు. తలపల్లెలో కూర్చుని తలపల్లెకే పోస్తోందని. ఆ మాట అన్నందుకు నీ కూతురు ఊరందరితోనూ పోట్లాడింది. మా అమ్మ చేతిలో గడియ తప్పదు, ఏరే ఎండి ఉంటుంది, ఊరితే మా వంతు మాకు వస్తుంది అంది. కబురు పంపి అడుగమ్మా అన్నాను నేను. అడిగితే అమ్మను అనుమానించినట్టు అవుతుంది తాతా అంది. వైశాఖం దాకా కూర్చుంది. చిట్టి రోజూ మడుగు దగ్గరికి పోయేది."

"చిట్టి ఎలా ఉంది?"

"వాళ్ళ నాన్న భుజాన వేసుకొని పోయాడు."

"ఏడ్చిందా?"

"ఏడ్చి ఉంటే బాగుండేది," అన్నాడు చెన్నప్ప.

ఎటు పోయారని ఆమె అడిగింది. ఎటు దారి కనబడితే అటు, అన్నాడాయన.

ఎర్రక్క ఇంటి చూరుకు ఒక తాడు వేలాడుతోంది. ఆ తాడు నిండా ఎండిన దొన్నెలు, ఒకదాని వెనక ఒకటి గుచ్చి ఉన్నాయి. చేరిన ప్రతి దొన్నెనూ దాచారు. సుంకమ్మ వాటిని లెక్కపెట్టలేదు.

"మూడు వెంట్రుకలు తాతా," అంది.

"ఏమిటమ్మా?"

"మూడే వెంట్రుకలు పెట్టాను."

ముసలాయనకు అర్థం కాలేదు. ఎండదెబ్బ తగిలిందనుకొని, తన తలగుడ్డ విప్పి ఆమెకిచ్చాడు.

సుంకమ్మ చావడికి తిరిగి వచ్చింది. అప్పటికి కొలను కూడా ఎండిపోయి, రాజు వేరే ఏటి ఒడ్డుకు రాజధాని మార్చుకున్నాడు. రాజులకు అది తేలిక. నరసప్పా గురవయ్యా మాత్రం చావడి ముందు చెరో చెంబు పట్టుకొని నిలబడి ఉన్నారు. మూడు ఊళ్ళకూ కలిపి నీళ్ళన్నవి ఇక కుడక తేలే కుండలోనే ఉన్నాయి.

"పిల్లలకు గొంతు తడుపుకోవడానికి, సుంకమ్మక్కా," అన్నాడు నరసప్ప. అతని గొంతు కూడా ఎండి ఉంది.

సుంకమ్మ కుడక చేతిలోకి తీసుకొని, ఒకటి, రెండు, మూడు వెంట్రుకలూ లాగేసింది. నీళ్ళ మీద పెట్టింది. కుడక సరిగ్గా గడియకు బుడుంగుమని మునిగింది. మూడేళ్ళ తరువాత మొదటిసారి అది నిజం చెప్పింది. దాని మాట వినడానికి కాలువ లేదు.

ఆమె కుండలోని నీళ్ళను మూడు సమాన భాగాలు చేసింది. ఒకటి నరసప్ప చెంబులో పోసింది. ఒకటి గురవయ్య చెంబులో పోసింది. మూడోది ఒక పెద్ద దొన్నెలో పోసి, తోకపల్లె పాయ మొదట్లో, ఎండిన ఇసుక మీద పెట్టింది.

"అది ఎవరికి?" అన్నాడు గురవయ్య.

"వాళ్ళ వంతు."

"వాళ్ళు లేరు కదమ్మా."

"వంతు ఉంది," అంది సుంకమ్మ.

ఇద్దరూ దొన్నె వైపు చూశారు. ఇద్దరికీ ఇంకా దాహంగానే ఉంది. అయినా ఆ నీళ్ళను ముట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. తీసుకుపోవడానికి తోకపల్లె నుంచి ఎవరూ రాలేదు. మూడు రోజుల్లో ఎండ ఆ నీళ్ళు తాగేసింది. అడుగున మోదుగాకు మిగిలింది.

ఇక ఈ కథ కంచిదాకా పోలేదు పిల్లలూ, నీళ్ళు ఆగిన చోటే ఆగిపోయింది. మనం ఇంటికి పోయి కుళాయి తిప్పేముందు ఒక్క మాట గుర్తుంచుకుందాం.

నీతి: అందరికీ కాస్త ఎక్కువ దొరికిందని సంతోషపడే రోజున, ఆ ఎక్కువ ఎవరి వంతులోంచి వచ్చిందో వరస చివరిదాకా నడిచి చూడాలి, అడగడానికి రానివాళ్ళకు లోటు లేదనుకోకూడదు.